ఏడు గుండీల జపాను

పోయిన నెల కాటన్‌పేటలోని మా అంగడి ఖాళీ చేశాం. దిగులుపడాల్సిన పనేం లేదు. మా తమ్ముడు వ్యాపారం మొత్తాన్ని ఫోనులోకి ఎక్కించేశాడు, సరుకు ఊరి బయట గోడౌన్‌లో సుఖంగా ఉంది, అంగడి గదిలో ఇకమీద ఎవరో దోసెలు పోస్తారట. అటక మీది సామాను దింపే పని నాకూ, తమ్ముడి కూతురు మైత్రికీ అప్పజెప్పారు. దుమ్ముకి తుమ్ముతూ, నవ్వుతూ దింపుతుంటే ఒక రేకు బిస్కెట్ డబ్బాలో పాత శాంపిల్ అట్ట దొరికింది. మాది గుండీల అంగడి. దర్జీలకి సరుకు చూపించడానికి గట్టి అట్ట మీద గుండీలు కుట్టి ఉంచుతాం, వాళ్లు చూసి ఏరుకుంటారు. మామూలుగా ఒక అట్ట మీద ఒకే జాతి ఉంటుంది. ఈ అట్ట మీద ఒకదానికొకటి పొంతన లేని ఏడు గుండీలున్నాయి. నల్లటి పెద్ద కోటు గుండీ, ఎర్ర గాజుది, ఇత్తడిది, తెల్ల ప్లాస్టిక్‌ది, కొయ్యది, గుడ్డ చుట్టింది, చివరగా చంటిపిల్లల గౌనుకి వేసే పువ్వు గుండీ. ఒక్కోదాని కింద తెలుగులో ఒక్కో అక్షరం: వ, గ, ఓ, ని, దె, తొ, మొ.

నేను ఆ దుమ్ములోనే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాను. అరవై దాటిన ఆడమనిషి నేల మీద కూర్చుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతుంటే మైత్రి భయపడింది. "అత్తా, ఏమైంది? ఆర్ యూ ఓకే?" అని మంచినీళ్ల సీసా అందించింది. "ఇవి నా జపాను గుండీలే" అన్నాను. దానికి ఇంకా భయం వేసింది. అప్పుడు ఆ అక్షరాల వైపు మళ్లీ చూశాను. అవి నా రాత కాదు. గుండ్రంగా, తలకట్లు ఎత్తుగా, సరుకు డబ్బాల మీద రాసే రాత. మా నాయనది. నా నవ్వు అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే మా నాయన జపాన్ భాష జోలికి ఏనాడూ వచ్చినవాడు కాదు, పైగా ఈ ఏడు గుండీలూ ఆయన తన చేతుల్తో కత్తిరించి పారేసినవే.

మా నాయన సంగతి ముందు చెప్పాలి. ఆయన మనుషుల మొహం చూడడు, గుండీలు చూస్తాడు. పెళ్లికి వెళ్తే పీటల మీద పెళ్లికొడుకుని పరీక్షగా చూసి, "పిల్లోడు మంచోడే గానీ కోటుకి మూడో గుండీ వేరే లాటుది" అని పక్కవాళ్ల చెవిలో వేసేవాడు. వేరే లాటు, అంటే వేరే దఫా సరుకు, అనే మాట ఆయన నోట్లో తిట్టు కింద లెక్క. చొక్కాకి ఒక్క గుండీ ఊడితే మన ఇళ్లలో ఏం చేస్తారు, దగ్గరగా ఉన్న రంగుది ఏదో ఒకటి కుట్టేస్తారు. మా ఇంట్లో ఏడూ విప్పి ఏడూ కొత్తవి కుట్టాల్సిందే. ఇంకొక అలవాటు ఉండేది. ఇంట్లో ఎవరు ముఖ్యమైన పని మీద బయలుదేరినా, పరీక్షకి కానీ, ఆస్పత్రికి కానీ, నాయన గడప దగ్గర నిలబెట్టి మెడ కింది మొదటి గుండీని బొటనవేలితోనూ చూపుడువేలితోనూ పట్టుకుని ఒక్క లాగు లాగేవాడు. అది ఊడకపోతే, "ఊఁ, పో" అనేవాడు. దీవెనలు, కుంకుమలు, ఎదురు రావడాలు మిగతా ఇళ్లలో. మా ఇంట్లో ఆ లాగుడే.

అంగడి ముందు, ఇల్లు వెనక. మధ్యలో ఒక నీలం తెర. పొద్దున లేవగానే తెర ఇవతల సంగటి ఉడికే వాసన, అవతల కొత్త అట్టపెట్టెల వాసన, రెండూ తెర దగ్గర కలిసేవి. తమ్ముడు పుట్టిన ఏడాదికే అమ్మ పోయింది, మమ్మల్ని పెంచింది నాయన వాళ్లమ్మ, మా అవ్వ. అవ్వకి అక్షరం ముక్క రాదు. అయితే కలిసిపోయిన గుండీలు ఏరడంలో ఆమెని మించినవాళ్లు కాటన్‌పేటలో లేరు. తిన్నాక కాళ్లు చాపుకుని, చేటలో దోసెడు గుండీలు పోసుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరేది. చూపు తగ్గాక కూడా వేళ్లతోనే చెప్పేది, ఇది నాలుగు కన్నులది, ఇది రెండు కన్నులది, దీని అంచు చెక్కు పోయింది అని. ఆ చేట చప్పుడు మధ్యాహ్నాల్లో వానలా వినిపించేది. నేనూ తమ్ముడూ ఆ చప్పుడుకే నిద్రపోయేవాళ్లం.

ఇక జపాను ఎలా వచ్చింది అంటే, సూదుల పొట్లాల మీద వచ్చింది. మా అంగట్లో మిషన్ సూదుల పొట్లాలు జపాన్ నుంచి వచ్చేవి. వాటి మీద పురుగులు నడిచినట్టు నల్లటి రాత. చిన్నప్పటి నుంచీ ఆ రాత ఏమంటోందో అని నాకు ఒకటే దురద. బీకాం ముగించి, చేసే పని లేక అంగట్లో రిబ్బన్లు కొలుస్తున్న రోజుల్లో, చామరాజపేటలో ఒక లైబ్రరీ మేడ మీద సాయంకాలం జపాన్ భాష చెబుతారని పక్కింటి దర్జీ చెప్పాడు. నేను ఆ రోజే పరిగెత్తాను. రెండో వారానికి సూదుల పొట్లం చదివేశాను. దాని మీద రాసి ఉన్నది "సూదులు" అని. అంతే! ఆ ఒక్క మాటకి నేను అంగడంతా గంతులేశాను. ఇన్నేళ్లు మా కళ్ల ముందే సూదులు సూదులు అని అరుస్తున్నాయి, మాకే వినపడలేదు.

మా మేష్ట్రు శ్రీకంఠయ్య గారు. జపాన్‌లోని కోబేలో చాలాకాలం ఉండి వచ్చిన కన్నడాయన, సన్నగా, పొడుగ్గా, కోపం వస్తే చాక్‌పీసుని రెండుగా విరిచే మనిషి. నా వల్ల ఆయన విరిచిన చాక్‌పీసులకి అంతు లేదు. మాటలు నేను ఇట్టే నేర్చేసేదాన్ని. మాటకీ మాటకీ మధ్య వాళ్లు ఒక చిన్న ముక్క అతికిస్తారు, వ అని, గ అని, ఓ అని. అక్కడ వచ్చేది తంటా. "నేను అన్నం తింటాను" అని మనం చెబితే నేనుకీ అన్నానికీ వెనక ఏమీ తగిలించం కదా. వాళ్లు "వతాషి వ గోహన్ ఓ తబెమాస్" అంటారు. నేనుకి ఒక వ, అన్నానికి ఒక ఓ. నేను తెలుగులో ఆలోచించి ఆ రెండూ మింగేసి "వతాషి గోహన్ తబెమాస్" అనేదాన్ని. చాక్‌పీసు టప్పున విరిగేది. ఆయన బోర్డు మీద ఇంగ్లీషులో టాపిక్ మార్కర్, ఆబ్జెక్ట్ మార్కర్ అని రాస్తే మేమందరం బుద్ధిగా నోట్సులో ఎక్కించుకుని బుద్ధిగా మర్చిపోయేవాళ్లం. "నాయన అంగట్లో ఉన్నాడు" అనడానికి ని, "నాయన అంగట్లో పని చేస్తాడు" అనడానికి దె. మనకి రెండు చోట్లా లో సరిపోయింది, వాళ్లకి ఎందుకు సరిపోలేదో నాకు అర్థమయ్యేది కాదు. "మనిషి సుమ్మనె ఉంటే ఒకటి, ఏదైనా మాడితే ఇంకొకటి, అష్టే!" అని మేష్ట్రు తెలుగూ కన్నడమూ కలిపి మొత్తుకునేవారు, ఊరికే ఉంటే ఒకటి, ఏదైనా చేస్తే ఇంకొకటి అని.

ఒక మధ్యాహ్నం అవ్వ పక్కన కూర్చుని ఈ ముక్కలతో కుస్తీ పడుతూ, విసుగొచ్చి నోట్సు విసిరేశాను. అది పోయి చేటలో పడింది. గుండీలన్నీ చెల్లాచెదురై, ఒక కాగితం మీద రెండు మాటల మధ్య ఒక నల్ల కోటు గుండీ వచ్చి కూర్చుంది. వెంటనే చీటీలు చింపి ఒక్కో దాని మీద ఒక్కో మాట రాశాను, ముక్కల స్థానంలో గుండీలు పెట్టాను. వ కి పెద్ద నల్లది, గ కి ఎర్రది, ఓ కి ఇత్తడిది, ఒకచోట ఉండటానికి తెల్లది, ఒకచోట పని చేయడానికి కొయ్యది. ఫలానావాళ్లతో అనడానికి గుడ్డ చుట్టింది. "నేనూ, నేనూ" అని వెంటపడే మొ కి చంటిపిల్లల పువ్వు గుండీ. అట్టముక్క మీద వాక్యం అంతా దండలా పరిచాక చూస్తే, మాటల వరస అచ్చం మన తెలుగు వరసే, తినడం చివరికే వస్తోంది, పోవడం చివరికే వస్తోంది. కుట్టాల్సిందల్లా గుండీలే.

అవ్వ ఆ దండని చూసి, "ఏమప్పా ఇది, అంగడి పెట్టినావా?" అంది. నేను ఒక్కో గుండీ ఏమిటో చెప్పాను. నల్లది ఎవరి సంగతి చెప్పబోతున్నామో వాళ్లని ముందుకు తెచ్చి కూర్చోబెట్టేదనీ, ఎర్రది ఎవరు చేశారో వేలెత్తి చూపించేదనీ. గుడ్డ గుండీని తొ అంటారు, దానికి అర్థం కూడా తో నే అని చెబితే ఆమె చేట పక్కన పెట్టేసింది. "తో అంటే తో నేనా? అంత దూరం పోయినా మన తో ని ఎత్తకపోయినారా వాళ్లు!" అని నవ్వు ఆపుకోలేక పక్కకి ఒరిగింది. ఆ రోజు నుంచి అవ్వే నా పంతులు. ఆమెకి మాటల అర్థం నేను చెప్పేదాన్ని, గుండీ ఏది పెట్టాలో ఆమె చెప్పేది. నేను పొరపాటు పెడితే వేలితో తడిమి, "మీ నాయన అంగట్లో పని చేస్తా ఉండాడు గదా, ఊరికే కూర్చోలేదు గదా, తెల్లది ఎందుకు పెడ్తివి? కొయ్యది పెట్టు" అనేది. మేష్ట్రు నెల రోజులు చెప్పినా నా తలకెక్కనిది అవ్వ మూడు మధ్యాహ్నాల్లో ఎక్కించింది. ఇద్దరం ఇల్లంతా గుండీలు పరిచి మాట్లాడుకునేవాళ్లం. పిల్లి ఉంది, పిల్లి పాలు తాగింది, పిల్లి కూడా జపాన్ నేర్చుకుంటోంది. తమ్ముడు స్కూలు నుంచి వచ్చి మా మీద కాలేస్తే, "ఒరే, వాక్యం తొక్కొద్దురా!" అని ఇద్దరం ఒకేసారి అరిచేవాళ్లం.

నాయన తెర పక్కకి తీసి ఇదంతా చూసేవాడు. ఏదో పిల్లాట అనుకుని తెర మళ్లీ వేసేసేవాడు. ఒకరోజు మాత్రం అన్నం దగ్గర తేల్చేశాడు. "ఈ సరదా ఎన్నాళ్లు? బొమ్మసంద్రలో ఏదో జపానోళ్ల ఫ్యాక్టరీలో మాట మార్చే దుబాసీ పని ఉండాదని మీ మేష్ట్రు చెప్పినాడంట గదా. పోయి చూడు. వస్తే సరే. రాకపోతే క్లాసు మాన్పించి అంగట్లో కూర్చోబెడతా. నాకూ వయసవుతా ఉండాది, గుండీలు తెలిసిన మనిషి కావాల." అంగడి మీద నాకు కోపమేం లేదు, ఇప్పటికీ నాకు అంగడి వాసనంటే ప్రాణం. కానీ ఆ ఏడు గుండీలతో నాకు తలుపు ఏదో తెరుచుకుంటోంది, అది మూసుకుపోతుందేమోనని అన్నం సగంలో వదిలేసి లేచాను. ఇంటర్వ్యూ పదిహేను రోజుల్లో ఉంది.

ఇబ్బంది ఎక్కడంటే, గుండీలు ముట్టుకుంటేనే నాకు మాట వచ్చేది. క్లాసులో వట్టి చేతులతో నిలబెడితే వ మింగేసి, ఓ మింగేసి, పాత కథే. చీటీలు పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లలేను కదా. అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది, ఇప్పటికీ గొప్పదే అంటాను. ముందువైపు నడుము దాకా తెరుచుకునే నీలం కుర్తా ఒకటి కుట్టించుకుని, మెడ నుంచి కిందికి ఆ ఏడు గుండీలనీ వరసగా కుట్టేశాను. మాట్లాడుతూ మాట్లాడుతూ వేలితో తడిమితే చాలు, ఏ ముక్క కావాలో వేలే చెబుతుంది. అవ్వ తడిమి చూసి, "ఇప్పుడు నువ్వే శాంపిల్ అట్టవి" అంది. పది రోజులు ఆ కుర్తా వేసుకుని అభ్యాసం చేశాను, నాయన అంగట్లో ఉన్నప్పుడే, తెర వెనక. ఆయన కంట పడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున నేను నీళ్లు పోసుకోవడానికి వెళ్లాను. అవ్వ పాలకి వెళ్లింది. ఇస్త్రీ చేసిన కుర్తా దండెం మీద ఉంది. తల తుడుచుకుంటూ వచ్చేసరికి నాయన కిటికీ దగ్గర ముక్కు చివరికి కళ్లద్దాలు జార్చుకుని, నా కుర్తా ఒళ్లో పెట్టుకుని, చివరి దారాన్ని పంటితో తెంపుతున్నాడు. ఏడూ కొత్తవి. ముత్యపు చిప్పలోంచి కోసిన తెల్లటి సెట్టు, బీరువాలో తాళం వేసి ఉంచి పెళ్లి కోట్లకి తప్ప తియ్యనిది. కిటికీ వెలుతురుకి ఏడూ ఒకేలా మెరుస్తున్నాయి.

"నాయనా, నా గుండీలు యాడ?"

"ఆ చెత్తనా? కత్తిరించేస్తి. గుండీల అంగడి పిల్ల ఏడు జాతుల గుండీలేసుకోని పోతే ఏమనుకుంటారప్పా? చూడు ఇప్పుడు, అంతా ఒకే లాటు." ఆయన మొహం వెలిగిపోతోంది. నా జపాను కోసం ఆయన ఒక పని చేయడం అదే మొదటిసారి. నాకు అది కనిపించింది కూడా. కానీ నా కోపం ముందు అది నిలవలేదు. "నా నోరు కుట్టేస్తివి నాయనా!" అని అరిచి, కుర్తా లాక్కుని, వేసుకుని, చెప్పులేసుకుని బయటపడ్డాను. తిరిగి విప్పి కుట్టడానికి సమయం లేదు. సగం వీధి దాటాక గుర్తొచ్చింది, నాయన గుండీ లాగలేదు. ఆయన గడప దాకా వచ్చి చెయ్యి ఎత్తాడని, నేను చూడలేదని, పాలతో తిరిగొస్తూ చూసిన అవ్వ తరవాత చెప్పింది.

బస్సులో హోసూరు రోడ్డు పొడుగునా వేళ్లతో ఆ చిప్ప గుండీల్ని తడుముతూనే ఉన్నాను. మొదటిది వ. రెండోది గ. అన్నీ చల్లగా, నున్నగా, ఒకేలా ఉన్నాయి. ఐదోది దాటాక ఎక్కడున్నానో తెలియక మళ్లీ పైనుంచి మొదలు. పెదాలు కదులుతున్నాయి కాబోలు, పక్కనున్న పెద్దావిడ భక్తిగా, "యావ స్తోత్ర అమ్మా అదు?" అని, అది ఏ స్తోత్రమో అడిగింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "బటన్ స్తోత్ర" అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

ఫ్యాక్టరీలో ఒక చిన్న గది, బల్ల అవతల ఇద్దరు. ఒకాయన ఇక్కడి మేనేజరు. రెండో ఆయన జపాన్ ఇంజనీరు హయాషి గారు, ఫ్యాక్టరీ బూడిదరంగు కోటు, కళ్లు బాగా అలిసిపోయి ఉన్నాయి. మీ గురించి చెప్పండి అన్నారు ఆయన జపానులో. నేను "వతాషి" అని మొదలుపెట్టి మెడ దగ్గరికి వేలు పోనిచ్చాను. నున్నటి చిప్ప. దాని కిందా చిప్పే. నా బుర్రలో చేట బోర్లించినట్టు అయింది. మళ్లీ "వతాషి" అన్నాను. మూడోసారి కూడా అన్నాను. మేనేజరు తన కాగితం మీద ఏదో కొట్టేయడం కనిపించింది. హయాషి గారు కొంచెం ముందుకి వంగి, ఏమైంది అని అడిగారు, మెత్తగా.

అంతే, నా నోట్లోంచి వచ్చేసింది: "చిచి గ బొతన్ ఓ జెంబు కఎమాషిత!" మా నాయన గుండీలన్నీ మార్చేశాడు! ఏ గుండీనీ తడమలేదు. ఆలోచించలేదు. మా నాయన మీద ఫిర్యాదు చేయకపోతే గుండె పగిలిపోయేలా ఉంది, అందుకని వచ్చేసింది, ముక్కలన్నీ వాటి చోట్లలో అవే కూర్చున్నాయి. హయాషి గారు కనుబొమలు ఎత్తారు. అదే తడవుగా నేను మొత్తం చెప్పేశాను. అంగడి, అవ్వ, చేట, పిల్లి, కోటు గుండీ వ, పువ్వు గుండీ మొ. చాలా చోట్ల తప్పులే చేసుంటాను, మాట తెలియనిచోట చేతులతో చూపించాను, ఒకచోట అవ్వలాగా పక్కకి ఒరిగాను కూడా. మేనేజరుకి ఒక్క ముక్క అర్థం కాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. హయాషి గారు నవ్వుతున్నారు, ఆగకుండా, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. ఆ హుషారులో నేను మా నాయన కూతుర్నని కూడా బయటపెట్టుకున్నాను. "మీ కోటుకి మూడో గుండీ వేరే లాటు" అనేశాను.

హయాషి గారు తన కోటు వైపు చూసుకున్నారు. జపాన్ నుంచి వచ్చే ముందు ఆ గుండీ ఊడిపోయిందట, వాళ్ల ఆవిడ కొడుకు చొక్కాదొకటి తీసి కుట్టిందట, ఇన్ని నెలలుగా ఇక్కడ ఒక్కరూ గమనించలేదట. ఆయన దాన్ని బొటనవేలితో కాసేపు రుద్ది, "సోమవారం పనిలోకి రండి. వచ్చేటప్పుడు దీనికి జోడైన గుండీ ఒకటి తీసుకురండి" అన్నారు.

ఇంటికి వచ్చి అవ్వని చుట్టుకుని గిరగిరా తిప్పేశాను. ఆమె చేట తన్నుకుని గుండీలు వంటింటి దాకా దొర్లాయి. నవ్వుకుంటూ కథంతా చెప్పాను, గుండీలు దేనికో, నాయన కత్తిరించాక నాకేమైందో, అన్నీ. తెర కదలడం చూడలేదు. నాయన అక్కడే నిలబడి మొత్తం విన్నాడు. ఆయన మొహంలో పొద్దుటి వెలుగు లేదు. "అవి దేనికో నాకు చెప్పింటే ఏమప్పా?" అన్నాడు, అంతే, అంగట్లోకి వెళ్లిపోయాడు. సోమవారం పొద్దున మాత్రం హయాషి గారి కోటు కోసం ఒక కాగితం పొట్లం ఇచ్చాడు, అందులో ఒకటి కాదు, మొత్తం సెట్టు. "ఒక్కటి ఎట్లిస్తాం? అన్నీ మార్చుకోమను." గడప దగ్గర నా గుండీని రెండుసార్లు లాగాడు. మొదటిది ఇంటర్వ్యూ రోజుదని నాకు తెలుసు. నేను చిప్ప గుండీలు బాగున్నాయని చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. అది ఏళ్ల తరబడి నాకు నొప్పే.

ఆ తరవాత ముప్పై ఏళ్లకి పైగా నేను ఆ మాటలు మార్చే పనే చేశాను. ఆ ఏడు గుండీలూ చెత్తలో పోయాయనే అనుకున్నాను. ఇన్నాళ్లకి అట్ట మీద వరసగా కూర్చుని దొరికాయి. మైత్రి కథంతా విని, వాటిని ఫోటో తీసుకుంటూ, "అత్తా, నేనూ ని, దె దగ్గరే స్టక్ అయినా. యాప్ ప్రతిసారీ ఏడుపు మొహం పెడ్తుంది" అంది. అది మహదేవపురలో సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. జపాన్ వాళ్ల ప్రాజెక్టులోకి మారాలని ఆరునెలలుగా ఫోనులో ఆ భాష నేర్చుకుంటోంది. ఇప్పుడు నేర్చుకోవడం ఎంత హాయి! పడుకుని నేర్చుకోవచ్చు, చాక్‌పీసు విరిగే భయం లేదు, తప్పు చేస్తే బొమ్మ ఏడుస్తుంది. మాకు తప్పు చేస్తే అవ్వ నవ్వేది. రెండిట్లో ఏది మేలో నేను చెప్పను, నాకు అవ్వ మీద పక్షపాతం ఉంది.

అట్టని మహదేవపురలో తమ్ముడి ఫ్లాటుకి, నాయన దగ్గరికి తీసుకెళ్లాం. తొంభై దాటాయి, బాల్కనీలో కూర్చుని కింద నడిచేవాళ్ల చొక్కాలు కనపడటం లేదని విసుక్కుంటూ ఉంటాడు. అట్ట ఒళ్లో పెట్టాను. చాలాసేపు తడిమాడు. "ఈ అక్షరాలు నీకెట్ల తెలిసినాయి నాయనా?" అన్నాను. "మీ అవ్వనడిగి రాసుకుంటి" అన్నాడు, అంగడి చిరునామా చెప్పినంత మామూలుగా. "చెత్తబుట్టలోంచి ఏరినా. పువ్వు గుండీ దొరకలా, రెండు దినాలు వెతికినా. వీధి కాలవ గట్టున ఉండె." నలభై ఏళ్లు దాటాక, ఆయన చెయ్యి పట్టుకుని, ఆ చిప్ప గుండీలు చాలా బాగుండేవి నాయనా అని చెప్పాను. "బాగుండక? ఒకే లాటు" అన్నాడు.

మర్నాడు పొద్దున మైత్రికి ఆ ప్రాజెక్టు ఇంటర్వ్యూ. నేను దానికి ధైర్యం చెబుదామని తొందరగా వెళ్లేసరికి, నాయన దాని తెల్ల చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కంపెనీ గుండీలు, ఏడూ ఒకే జాతివి, కత్తిరించి పళ్లెంలో పోసి ఉన్నాయి. అట్ట ఖాళీ. సూదిలోకి దారం మాత్రం మైత్రి ఎక్కించి ఇస్తోంది. నల్లది, ఎర్రది, ఇత్తడిది అప్పటికే ఎక్కేశాయి. "తరవాత ఏదిమ్మా, తెల్లదా కొయ్యదా?" అని అడుగుతున్నాడు. "నాయనా, నువ్వా?" అన్నాను నేను. "వేరే వేరే లాట్లు నాయనా, చూసినావా?" ఆయన మిగతావి వరసగా ఎక్కించి, ఆఖరున పువ్వు గుండీ కుట్టి, దారం తెంపడానికి పళ్లు లేక మైత్రి వైపు చొక్కా జరిపాడు. అది తెంపి, తొడుక్కుని, ఆయన ముందు వంగి నిలబడింది. నాయన మెడ కింది నల్ల గుండీని రెండు వేళ్లతో పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి ఒక్క లాగు లాగాడు.

"జత కుదరకుంటే ఏమప్పా," అన్నాడు. "ఊడదు. ఊఁ, పో."